మెదడులో కణితి చుట్టూ వాపు ఎందుకు వస్తుంది?

మెదడు ఎమ్మారై రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ మొదట వెతికేది కణితి ఎన్ని సెంటీమీటర్లు ఉందన్న అంకెనే. ఆ పక్క వాక్యంలో ఉండే 'పెరిలీజనల్ ఎడిమా' (గడ్డ చుట్టూ వాపు), 'మాస్ ఎఫెక్ట్' (పక్క భాగాలు నొక్కుకుపోవడం), 'మిడ్‌లైన్ షిఫ్ట్' (మెదడు మధ్య గీత పక్కకు జరగడం) వంటి మాటల మీద చూపు అంతగా నిలవదు. కానీ రోగిని ఆ రోజు ఆసుపత్రికి తీసుకొచ్చిన తలనొప్పి, వాంతులు, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట తడబడటం వంటి బాధల్లో చాలా భాగానికి కారణం కణితి కంటే దాని చుట్టూ చేరిన వాపే కావచ్చు. ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ చుట్టూ దానికి ఎన్నో రెట్ల మేర మెదడు ఉబ్బి కనిపించే స్కాన్లు అరుదేమీ కావు. దోమకాటుతో వచ్చే మెదడువాపు వ్యాధికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ వైరస్ మెదడు కణాలపై దాడి చేస్తుంది, ఇక్కడ రక్తనాళాల నుంచి ద్రవం ఊరి మెదడు కణజాలంలో చేరుతుంది.

కణితి పెరిగి పక్కనున్న భాగాన్ని నొక్కడం వల్ల అది వాచిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ ఒత్తిడి పాత్ర కొంత ఉన్నా, ప్రధాన కారణం అది కాదు. కణితి తన ఎదుగుదల కోసం విడుదల చేసే పదార్థాలు రక్తనాళాల గోడలను సడలిస్తాయి. అలా సడలిన గోడల గుండా రక్తంలోని ద్రవం, దానితో పాటు ప్రొటీన్లు మెదడులోకి వచ్చేస్తాయి. అంటే కణితి కణాల సమస్య, వాపు రక్తనాళాల సమస్య. రెండింటికీ మందులు వేరు, తగ్గడానికి పట్టే కాలమూ వేరు. వాపు రెండు రోజుల్లో బాగా తగ్గవచ్చు గానీ ఆ రెండు రోజుల్లో కణితి ఉన్నచోట ఉన్నంతే ఉంటుంది. ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల కుటుంబాలు రెండు రకాలుగా నష్టపోతున్నాయి. వాపును తగ్గించే స్టెరాయిడ్ మాత్రలతో మనిషి లేచి తిరుగుతుంటే జబ్బు నయమైందనుకుని ఆపరేషన్‌ను వాయిదా వేసుకునేవారు కొందరైతే, స్టెరాయిడ్ అంటే ఒంటికి హానేనన్న భయంతో మాత్రలను ఒక్కసారిగా మానేసేవారు మరికొందరు. రెండూ ప్రాణం మీదికి తెచ్చే పనులే.

పుర్రె లోపలి చోటు

కాలు వాస్తే చర్మం సాగుతుంది, చెప్పు బిగుతవుతుంది, అంతకు మించి పెద్ద ప్రమాదం లేదు. మెదడుకు ఆ వెసులుబాటు లేదు. పెద్దవారి పుర్రె లోపలి చోటు సుమారు 1,400 నుంచి 1,500 మిల్లీలీటర్లు. అందులో ఎనభై శాతం మెదడు కణజాలం, తక్కినది రక్తమూ, మెదడును వెన్నుపామును తడుపుతూ తిరిగే మస్తిష్క మేరు ద్రవమూ దాదాపు చెరి సగం. ఎముక సాగదు కాబట్టి ఈ మూడింటిలో ఒకటి పెరిగితే తక్కిన రెండింటిలో ఏదో ఒకటి ఆ మేరకు తగ్గి తీరాలి. స్కాట్లండ్‌కు చెందిన వైద్యులు అలెగ్జాండర్ మన్రో 1783లో, జార్జ్ కెల్లీ 1824లో ప్రతిపాదించిన ఈ సూత్రం ఇవాళ్టికీ న్యూరోసర్జరీకి పునాదిగా నిలిచివుంది.

కణితి నెమ్మదిగా పెరుగుతున్నంత కాలం మెదడు ఎంతో ఓర్చుకుంటుంది. మస్తిష్క మేరు ద్రవం కొంత వెన్నెముక వైపు జారుతుంది, సిరల్లోని రక్తం కొంత బయటికి పోతుంది, పుర్రెలో పీడనం మామూలుగా ఉండవలసిన 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస మట్టం దగ్గరే ఉంటుంది. అందుకే ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే మెనింజియోమా అనే రకం కణితి నిమ్మకాయంత అయ్యాక గానీ బయటపడని సందర్భాలు ఉంటాయి. కానీ తప్పించుకునే ద్రవం అంతా తప్పించుకున్న తరువాత పరిస్థితి తిరగబడుతుంది. ఆ దశలో మరో పది, ఇరవై మిల్లీలీటర్లు చేరినా పీడనం ఒక్కసారిగా పైకి లేస్తుంది. కణితి అంత వేగంగా పెరగజాలదు గానీ వాపు పెరగగలదు. నిన్నటిదాకా తలనొప్పితోనే పని చేసుకుంటున్న మనిషి ఇవాళ మగతలోకి జారుకోవడానికి తరచుగా కారణం ఇదే.

ఈ తలనొప్పి తెల్లవారుజామున ఎక్కువగా ఉండటానికీ కారణం ఉంది. పడుకున్నప్పుడు తల, గుండె ఒకే మట్టంలో ఉండటం వల్ల తలలోని సిరల రక్తం తేలిగ్గా కిందికి దిగదు. నిద్రలో శ్వాస నెమ్మదించి రక్తంలో బొగ్గుపులుసు వాయువు కాస్త పెరుగుతుంది, దానితో మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి. ఖాళీ లేని పుర్రెలో ఆ కొద్దిపాటి అదనపు రక్తం కూడా భారమే అవుతుంది. లేచి కూర్చుని, ఒకసారి వాంతి అయ్యాక నొప్పి కాస్త తగ్గిందని రోగి చెప్పడం, దాన్ని పైత్యం కిందో గ్యాస్ కిందో జమకట్టడం మన ఇళ్ళలో మామూలు. పొద్దున్నే వచ్చే తలనొప్పి, వాంతి వారాల తరబడి పెరుగుతూ పోతే మాత్రం దాన్ని అలా వదిలేయకూడదు.

రక్తనాళపు గోడ

1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడు మాత్రం తెల్లగానే ఉంది. మెదడుకు ఆ రంగును పట్టుకునే గుణం లేదని ఆయన అనుకున్నారు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ అదే తరహా రంగును నేరుగా మస్తిష్క మేరు ద్రవంలోకి ఎక్కించగా ఈసారి మెదడుకే రంగు పట్టింది, ఒంటికి పట్టలేదు. అంటే రక్తానికీ మెదడుకూ మధ్య ఏదో అడ్డు ఉందన్నమాట. ఆ అడ్డు కచ్చితంగా ఎక్కడుందో తేల్చడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. 1967లో థామస్ రీస్, మోరిస్ కర్నోవ్‌స్కీ ఎలుక మెదడులో అది కేశనాళికల లోపలి పొరలోని కణాల మధ్య అతుకుల దగ్గర ఉందని చూపించారు.

ఆ అతుకును కాస్త దగ్గరగా చూద్దాం. కేశనాళిక గోడ అంటే ఒకే ఒక్క కణం మందం ఉన్న పొర. కండరంలోని కేశనాళికలో ఒక కణానికీ పక్క కణానికీ మధ్య సన్నని సందులు ఉంటాయి, నీరూ చిన్న అణువులూ వాటి గుండా వస్తూ పోతూ ఉంటాయి. మెదడు కేశనాళికలో ఆ సందులు లేవు. ఒక కణపు పొర నుంచీ పక్క కణపు పొర నుంచీ క్లాడిన్, ఆక్లూడిన్ అనే ప్రొటీన్లు బయటికి వచ్చి ఒకదానితో ఒకటి పెనవేసుకుని సందును మూసివేస్తాయి. నాళాన్ని బయటి నుంచి పెరిసైట్లు అనే కణాలు హత్తుకుని ఉంటాయి. వాటి మీద ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల పాదాలు దాదాపు మొత్తం నాళాన్ని కప్పుతూ ఆనుకుని ఉంటాయి. ప్రాణవాయువు ఈ గోడ గుండా సులువుగా దాటుతుంది, గ్లూకోజుకు ప్రత్యేక వాహక ప్రొటీన్లు ఉన్నాయి, అల్బుమిన్ వంటి పెద్ద ప్రొటీన్లకు మాత్రం దారి దాదాపు లేనట్టే. ప్రొటీన్లు రక్తంలోనే నిలిచిపోతాయి కాబట్టి వాటి వెంట నీరూ రక్తంలోనే ఉంటుంది.

కణితి దెబ్బ తీసేది సరిగ్గా ఈ ఏర్పాటునే. వేగంగా విభజన చెందే కణాలకు ఉన్న రక్తం చాలదు. ఆక్సిజన్ అందని కణాలు 'వీఈజీఎఫ్' అనే ప్రొటీనును పెద్ద ఎత్తున విడుదల చేస్తాయి. కొత్త రక్తనాళాలు మొలవడానికి అది సంకేతం. ఈ అణువు చరిత్రలోనే వాపు రహస్యం ఉంది. 1983లో అమెరికాలో డొనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరక్ బృందం కణితులు వదిలే ఒక పదార్థాన్ని వేరు చేసి, అది రక్తనాళాల గోడలను ద్రవం దాటేలా మారుస్తోందని గమనించి, దానికి ఆ గుణాన్ని సూచించే పేరే పెట్టింది. 1989లో నపోలియోన్ ఫెరారా మొదలైనవారు రక్తనాళాలను మొలిపించే పదార్థంగా వీఈజీఎఫ్‌ను గుర్తించినప్పుడు, ఆ రెండూ ఒకే అణువని తేలింది. నాళాలను మొలిపించడమూ, ఉన్న నాళాలను కారేలా చేయడమూ ఒకే ప్రొటీన్ చేసే రెండు పనులు. కణితికి కావలసింది మొదటి పని, రోగిని పడగొట్టేది రెండోది.

వీఈజీఎఫ్ వెళ్ళి కేశనాళిక కణాల మీది గ్రాహకానికి అతుక్కోగానే ఆ కణాల లోపల జరిగే మార్పులతో ఆక్లూడిన్, క్లాడిన్‌ల పట్టు సడలుతుంది, కణాల మధ్య సందులు తెరుచుకుంటాయి. కొత్తగా మొలిచిన నాళాలదీ ఇదే కథ. వంకరటింకరగా, అతుకులు సరిగా పడకుండానే అవి తయారవుతాయి. ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో మెదడుకు పాకిన క్యాన్సర్ గడ్డలో నాళాలకు మెదడు నాళాల లక్షణాలే సరిగా ఉండవు. దీనికి తోడు కణితి చుట్టూ చేరే రోగనిరోధక కణాలు విడిచే వాపు రసాయనాలూ ఆ గోడలను మరింత బలహీనపరుస్తాయి. ఎమ్మారై తీసేటప్పుడు చేతి నరానికి గ్యాడొలీనియం ఇంజెక్షన్ ఇచ్చాక కణితి తెల్లగా వెలగడానికి కారణం కూడా ఇదే. ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఆ మందు నాళం దాటి బయటికి రాదు, కణితి దగ్గర కారిపోతుంది.

1967లోనే ఇగోర్ క్లాట్జో అనే శాస్త్రవేత్త మెదడు వాపును రెండుగా విడదీశారు. పక్షవాతంలో రక్తం అందక కణాలు తమలోకి తామే నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, నాళపు గోడ మొదట్లో బాగానే ఉంటుంది. కణితి దగ్గర అందుకు భిన్నంగా నాళపు గోడ చెడి, కణాల వెలుపల ఉన్న సందుల్లో ద్రవం నిండుతుంది. మొదటి రకంలో కణం చస్తోంది, రెండో రకంలో కణం బతికే ఉంది గానీ దాని పరిసరాలు మునిగిపోయాయి. కణితి వాపు వల్ల పోయిన మాట, పోయిన నడక మందుతో తిరిగి రాగలగడానికి ఈ తేడాయే ఆధారం.

నీరు ఎటు పోతుంది

కారిన ద్రవం కణితి చుట్టూ గుండ్రంగా నిలవదు. రక్తపోటు వెనక నుంచి నెడుతూ ఉంటే ద్రవం అడ్డంకి తక్కువున్న వైపుకు సాగుతుంది. మెదడు ఉపరితలంలోని ధూసర పదార్థంలో నాడీకణాలు, వాటి కొమ్మలు దట్టంగా అల్లుకుని ఉండటం వల్ల అక్కడ ద్రవానికి చోటు దొరకదు. లోపలి శ్వేత పదార్థంలో నాడీ తంతువులు కట్టలు కట్టలుగా, ఒకే దిశలో సాగుతాయి కాబట్టి కోత కోసిన పొలంలో వరి మోళ్ళ వరసల మధ్య నీరు పారినట్టు ద్రవం ఆ తంతువుల వెంట దూరం దాకా పోతుంది. ఎమ్మారైలో ఫ్లెయిర్ అనే చిత్రాల్లో ఈ వాపు తెల్లగా, చేతి వేళ్ళు చాచినట్టు మెదడు మడతల్లోకి సాగి, సరిగ్గా ధూసర పదార్థపు అంచు దగ్గర ఆగిపోయి కనిపిస్తుంది. సీటీ స్కాన్‌లో అదే భాగం నల్లగా కనిపిస్తుంది. కుడి, ఎడమ అర్ధభాగాలను కలిపే కార్పస్ కలోసమ్‌లో తంతువులు మరీ బిగువుగా ఉండటం వల్ల వట్టి నీరు అక్కడికి అంత తేలికగా చొరబడదు. అక్కడ కూడా తెలుపు కనిపిస్తే కణితి కణాలే దాటివుంటాయన్న అనుమానం డాక్టర్లకు కలుగుతుంది.

వాపు అదుపు లేకుండా ఎందుకు పెరుగుతూ పోదన్నది ఆసక్తికరమైన ప్రశ్న. కారడం ఒక పక్క సాగుతుంటే తోడివేయడం మరో పక్క సాగుతూ ఉంటుంది. ఊరిన ద్రవంలో కొంత మెదడు మధ్యలోని కుహరాల గోడలు దాటి మస్తిష్క మేరు ద్రవంలో కలుస్తుంది, కొంత మెదడు ఉపరితలం మీదుగా పోతుంది. ఈ దారుల్లో నీటిని దాటించేవి ఆస్ట్రోసైట్ల పొరల్లోని ఆక్వాపోరిన్-4 అనే నీటి కాలువలు. ఆక్వాపోరిన్లను కనుగొన్నందుకు పీటర్ ఏగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆక్వాపోరిన్-4 లేకుండా పుట్టించిన ఎలుకలపై జరిగిన పరీక్షల ఫలితాలు మొదట అయోమయం కలిగించాయి. 2000లో వచ్చిన అధ్యయనంలో రక్తం అందక వచ్చే వాపు ఆ ఎలుకల్లో తక్కువగా ఉంది. 2004లో వచ్చిన అధ్యయనంలో కణితి వల్ల వచ్చే వాపు అదే రకం ఎలుకల్లో ఎక్కువగా ఉంది. ఆలోచిస్తే రెండూ ఒక్క మాటే చెబుతున్నాయి. ఒక చోట ఆ కాలువ కణంలోకి నీటిని తెచ్చే దారి, మరో చోట అది మునిగిన భాగం నుంచి నీటిని తీసుకుపోయే దారి. అందువల్ల ఆ కాలువను మూసే మందు దొరికినా కణితి రోగికి అది మేలు చేయకపోగా కీడు చేసే అవకాశం ఉంది.

ఈ ద్రవం నీరు మాత్రమే అయివుంటే తోడివేయడం ఇంకా సులువయ్యేది. దానిలో ప్రొటీన్లు ఉన్నాయి, అవి తమ వైపు మరింత నీటిని లాగుతాయి. వాచిన భాగంలో కేశనాళికకూ నాడీకణానికీ మధ్య దూరం పెరుగుతుంది, సన్నని నాళాలు నొక్కుకుపోయి రక్తం తగ్గుతుంది, లవణాల సమతూకం చెడి నాడీకణాలు ఊరికే ఉద్రేకపడతాయి. ఫిట్స్‌కు ఇదొక కారణం. పీడనం ఇంకా పెరిగితే గుండె పంపే రక్తమే తలలోకి ఎక్కలేని స్థితి వస్తుంది. అప్పుడు రక్తపోటు పెరిగి, నాడి నెమ్మదించి, శ్వాస లయ తప్పుతుంది. మెదడులో ఒక భాగం తన చోటు వదిలి పక్క గదిలోకి తోసుకుపోతే ఒక కంటిపాప పెద్దదై వెలుతురుకు కదలకుండా నిలిచిపోతుంది. ఈ లక్షణాలు కనిపించాక చేతిలో ఉన్న సమయాన్ని నిమిషాల్లోనే లెక్కపెట్టుకోవాలి.

ఏ కణితి చుట్టూ ఎంత వాపు వస్తుందన్నది దాని పరిమాణాన్ని బట్టి ఉండదు. వేరే అవయవం నుంచి పాకిన చిన్న గడ్డ చుట్టూ పెద్ద వాపు సాధారణం. మెదడులోని సహాయక కణాల నుంచి పుట్టే కణితులైన గ్లయోమాల్లో, నెమ్మదిగా పెరిగే తక్కువ గ్రేడు వాటి చుట్టూ దాదాపు ఉండదు. మెనింజియోమా విషయం మరీ చిత్రమైనది. అది మెదడులో పుట్టదు, మెదడును కప్పే పొరల్లో పుడుతుంది, చాలావరకు క్యాన్సర్ కూడా కాదు. అయినా కొన్ని మెనింజియోమాల కింద మెదడు బాగా వాచి ఉంటుంది. కణితికీ మెదడుకూ మధ్య ఉండే పలుచని పొరలు చెదిరి, మెదడు ఉపరితలపు నాళాల నుంచి కణితి రక్తం తెచ్చుకోవడం మొదలుపెట్టినప్పుడు, దాని వీఈజీఎఫ్ మెదడును చేరి ఈ పరిస్థితి వస్తుంది. మన దేశంలో మరొక మాట చెప్పుకోవాలి. ఫిట్స్‌తో వచ్చిన వ్యక్తి స్కాన్‌లో ఉంగరంలా వెలిగే చిన్న మచ్చ, దాని చుట్టూ వాపు కనిపిస్తే అది క్యాన్సరే కానక్కర్లేదు. క్షయ గడ్డ కావచ్చు, మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తి కావచ్చు. వాటి చుట్టూ వచ్చేదీ నాళాలు కారడం వల్ల వచ్చే ఈ రకం వాపే. కాబట్టి వాపును చూసి జబ్బు పేరును ఊహించుకోవడం తగదు.

స్టెరాయిడ్ చేసేది, చేయనిది

1961లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ గాలిసిచ్, లైల్ ఫ్రెంచ్ అనే డాక్టర్లు మెదడు కణితి రోగులకు డెక్సామెథసోన్ ఇచ్చి చూసిన ఫలితాలను ప్రచురించారు. అంతకు ముందు మెదడు కణితి ఆపరేషన్లలో వాపు వల్లనే ఎందరో ప్రాణాలు కోల్పోయేవారు. మొదట 10 మిల్లీగ్రాములు, ఆపైన ఆరు గంటలకొకసారి 4 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చే ఆనాటి లెక్క అత్యవసర పరిస్థితుల్లో నేటికీ వాడుకలో ఉంది. ఈ మందు నాళపు గోడ కణాల్లోకి వెళ్ళి అతుకుల ప్రొటీన్లను బలపరుస్తుంది, కణితి విడిచే వీఈజీఎఫ్‌ను తగ్గిస్తుంది. కొన్ని గంటల్లోనే తేడా మొదలై, రెండు మూడు రోజుల్లో పూర్తి ఫలితం కనిపిస్తుంది. మంచం మీద నుంచి లేవలేని మనిషి మూడో రోజున తనంతట తాను నడిచి వెళ్ళడం చూసినవారికి అది అద్భుతంలా తోచడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ మందు కారడాన్ని తగ్గించింది, అంతే. గ్లయోమా అయినా, ఊపిరితిత్తుల నుంచి పాకిన గడ్డ అయినా స్టెరాయిడ్‌తో పోదు. ఈ మందు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో చూస్తే వాపుల మధ్య తేడా మరింత తేటతెల్లమవుతుంది. తలకు దెబ్బ తగిలినవారికి స్టెరాయిడ్ ఇవ్వడం ఒకప్పుడు ఆనవాయితీ. పదివేల మందికి పైగా రోగులతో జరిగిన క్రాష్ అనే అధ్యయనం 2004లో, అలా ఇచ్చినవారిలో మరణాలు తగ్గకపోగా పెరిగాయని చూపించింది. అక్కడి వాపు తీరు వేరు కాబట్టి కణితి రోగిని లేపి కూర్చోబెట్టిన మందు అక్కడ అక్కరకు రాలేదు.

డెక్సామెథసోన్ పేరు కోవిడ్ తరువాత తెలుగు ఇళ్ళలో తెలియనివారు తక్కువ. 2021లో రెండో విడత కోవిడ్‌లో బ్లాక్ ఫంగస్ ఎందరి కళ్ళనో, ప్రాణాలనో బలిగొన్నప్పుడు, అదుపు తప్పిన షుగరు, విచక్షణ లేని స్టెరాయిడ్ వాడకం కలిసి ఎంత పని చేస్తాయో మనం చూశాం. షుగరు రోగులు ఇంతగా ఉన్న మన ప్రాంతంలో కణితి కోసం ఈ మందు మొదలైన రోజు నుంచే రక్తంలో చక్కెరను చూసుకుంటూ ఉండాలి. వారాల తరబడి వాడితే తొడ కండరాలు సన్నగిల్లి, మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం కష్టమవుతుంది. కణితి మళ్ళీ పెరిగిందేమోనని ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు గానీ, రెండు కాళ్ళూ సమంగా బలహీనపడి, మాట, చేతులు బాగానే ఉంటే మందు ప్రభావాన్ని ముందు అనుమానించాలి. నిద్ర పట్టకపోవడం, చిరాకు, నోట్లో తెల్లపూత, ముఖం ఉబ్బడం కూడా ఈ కోవలోవే. 1994లో నెదర్లాండ్స్ నుంచి వెలువడిన అధ్యయనం ప్రకారం, ప్రాణాపాయ లక్షణాలు లేని రోగుల్లో రోజుకు 4 మిల్లీగ్రాములు, 16 మిల్లీగ్రాములు వారం తిరిగేసరికి దాదాపు ఒకే ఫలితం ఇచ్చాయి, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ మోతాదులోనే ఎక్కువ. వీలైనంత తక్కువ మోతాదు, వీలైనంత తక్కువ కాలం అన్న నేటి పద్ధతికి ఇది ముఖ్యమైన ఆధారం.

అలాగని మాత్రలను ఉన్నపళంగా ఆపకూడదు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్ళూ మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు తమ సొంత ఉత్పత్తిని తగ్గించుకుంటాయి. మందు హఠాత్తుగా ఆగితే అవి వెంటనే అందుకోలేవు. రక్తపోటు పడిపోయి, నీరసం, వాంతులు మొదలవుతాయి, దానికి తోడు అదుపులో ఉన్న వాపు తిరగబెడుతుంది. అందుకే డాక్టర్లు కొన్ని రోజులకోసారి మోతాదును మెట్టు మెట్టుగా దించుతారు. ఆ చీటీలో రాసిన తేదీలకు ఎంతో విలువ ఉంది.

ఒక రకం కణితి విషయంలో మాత్రం ఈ మందును మొదట ఇవ్వకుండా ఆగడమే మేలు. మెదడులోనే పుట్టే లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) కణాలను స్టెరాయిడ్ నేరుగా చంపుతుంది. బయాప్సీకి ముందే మందు ఇస్తే గడ్డ తాత్కాలికంగా కరిగిపోయి, తీసిన ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు. కొన్ని నెలల్లో జబ్బు తిరిగి వస్తుంది, ఈలోగా అసలు చికిత్స ఆలస్యమవుతుంది. ఆ లింఫోమాకు నేటికీ ప్రధాన ఔషధం మెథోట్రెక్సేట్. లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు కావడం తెలుగువారికి గర్వకారణం.

ప్రాణం మీదికి వచ్చిన గంటలో స్టెరాయిడ్ పనిచేసేదాకా ఆగలేరు కాబట్టి మ్యానిటాల్‌ను గానీ, గాఢత ఎక్కువున్న ఉప్పు ద్రావణాన్ని గానీ నరంలోకి ఎక్కిస్తారు. అవి రక్తపు గాఢతను పెంచి మెదడులోని నీటిని నాళాల్లోకి లాగుతాయి. ఆ లాగుడుకు చెక్కుచెదరని నాళపు గోడ కావాలి గనుక నీరు ఎక్కువగా వచ్చేది ఆరోగ్యంగా ఉన్న మెదడు నుంచే. కొన్ని గంటల వెసులుబాటు దొరుకుతుంది, ఆలోగా ఆపరేషన్‌కు సిద్ధం కావాలి. తలను ముప్పై డిగ్రీల మేర ఎత్తులో ఉంచడం, జ్వరాన్ని తగ్గించడం చిన్న పనులుగా కనిపించినా ఎంతో మేలు చేస్తాయి. మెదడులో నీరు చేరిందన్న మాట విని రోగికి మంచినీళ్ళు తగ్గించడం వల్ల మాత్రం వాపు తగ్గదు. ఒంట్లో నీరు తగ్గి రక్తపోటు పడిపోతే, అసలే రక్తం సరిగా అందని వాచిన భాగానికి అది మరింత తగ్గిపోతుంది.

వాపులో దాగిన కణాలు

వీఈజీఎఫ్‌నే నేరుగా అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందును, గ్లయోమాల్లో అత్యంత తీవ్రమైన గ్లయోబ్లాస్టోమా తిరగబెట్టినప్పుడు వాడటానికి అమెరికా 2009లో అనుమతించింది. ఈ మందు ఇచ్చాక వచ్చే స్కాన్లు చూస్తే ఎవరికైనా ఆశ కలుగుతుంది. తెల్లగా వెలిగే భాగం తగ్గిపోతుంది, వాపు తీస్తుంది, స్టెరాయిడ్ మోతాదు దించగలుగుతారు, రోగి రోజులు కాస్త తేలికగా గడుస్తాయి. కానీ కొత్తగా జబ్బు బయటపడిన రోగులపై జరిపి 2014లో ఫలితాలు ప్రచురించిన రెండు పెద్ద అధ్యయనాల్లో ఆయుష్షు పెరిగినట్టు కనబడలేదు. నాళాలు కారడం ఆగింది కాబట్టి గ్యాడొలీనియం బయటికి రాలేదు, కణితి చిన్నదైనట్టు కనిపించింది, కణాలు మాత్రం తమ దారిన పాకుతూనే ఉన్నాయి. స్కాన్ ఇలా మోసగించవచ్చని అప్పటికే తెలిసివచ్చింది కాబట్టే, 2010లో న్యూరో ఆంకాలజీ నిపుణులు సవరించిన కొలమానాల్లో, వెలిగే భాగంతో పాటు ఫ్లెయిర్‌లో తెల్లగా కనిపించే భాగాన్నీ, రోగి స్థితినీ, స్టెరాయిడ్ మోతాదునూ కలిపి చూడాలని చేర్చారు. రేడియేషన్ తరువాత నెలలకు కొందరిలో కణజాలం చచ్చి వచ్చే వాపుకు ఇదే మందు బాగా ఉపకరిస్తోంది, ఎందుకంటే అక్కడ సమస్య నాళాలు కారడమే.

వాపు అన్న పేరుతో స్కాన్‌లో కనిపించే తెలుపంతా నీరే అనుకోవడానికీ వీలు లేదు. వేరే చోటు నుంచి పాకిన గడ్డలకూ, మెనింజియోమాకూ చుట్టూ ఉన్నది చాలావరకు నీరే. గడ్డను తీసేస్తే ఆ వాపు రోజుల్లోనో వారాల్లోనో తీసిపోతుంది. గ్లయోబ్లాస్టోమా అలాంటిది కాదు. దాని కణాలు నీటికి దారి ఇచ్చిన ఆ తంతువుల వెంటే తామూ పాకి, గడ్డ అంచుకు సెంటీమీటర్ల దూరంలో కూడా చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకే సర్జన్ వెలిగే గడ్డను మొత్తంగా తీసినా జబ్బు మిగిలే ఉంటుంది. రేడియేషన్ ఎంత మేర ఇవ్వాలన్న విషయంలో ప్రపంచంలో రెండు సంప్రదాయాలు ఏర్పడటానికీ ఇదే కారణం. అమెరికా పద్ధతిలో మొదటి విడతలో వాపు భాగాన్నీ, దాని చుట్టూ మరికొంత మేరనూ కలుపుకుని ఇచ్చి, ఆ తరువాత గడ్డ ఉన్నచోటుకు కుదిస్తారు. యూరప్ పద్ధతిలో వాపును ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోకుండా, గడ్డ ఉన్నచోటు చుట్టూ నిర్ణీతమైన అంచు కలిపి మొదటి నుంచీ అక్కడికే ఇస్తారు. ఎక్కువ మేర ఇస్తే మంచి మెదడుకు రేడియేషన్ తగిలి జ్ఞాపకశక్తి దెబ్బతినే ముప్పు, తక్కువ మేర ఇస్తే దాగిన కణాలు తప్పించుకునే ముప్పు. ఏ స్కానూ ఆ తెలుపులో నీరెంతో, కణాలెన్నో ఇంకా కచ్చితంగా విడదీసి చూపలేకపోతోంది కాబట్టి, ప్రతి రోగి విషయంలోనూ రేడియేషన్ డాక్టరు కంప్యూటరు తెర మీద ఆ గీతను తన అనుభవంతోనే గీయవలసి వస్తోంది.